పైకి లాగిన తాళ్లు

ఈ ఉదయం మా బాల్కనీలో గంట మోగింది. కోడలు పొయ్యి ఆపి, ముందు ఇరవై ఏళ్ల మనవణ్ని వెనక గదిలోకి పంపి, ఆ తరువాతే తెర కొంచెం జరిపి కిందికి చూసింది. తాగే నీళ్ల డబ్బాలవాడు. మేము రమ్మన్నవాడే, కాకపోతే ఫోన్ చేయకుండా ముందుగా వచ్చాడు.

రంగూన్‌లో పెరిగిన మన ఈడువారికి ఈ తాళ్ల సంగతి తెలిసిందే. లిఫ్టులు లేని ఈ పాత మేడల్లో ప్రతి బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, పై కొసకి చిన్న గంట, కింది కొసకి క్లిప్పు. పేపరు, కూరలు, ఇంటి తాళంచెవి, పక్కింటివారు పంపిన పులుసు గిన్నె, అన్నీ దాని మీదే ఎక్కి దిగేవి. గంట మోగితే ఎవరు ముందు లాగాలని మేము పిల్లలం కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు అదే గంట మోగితే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుంటున్నాం.

నేను ఒక దినపత్రికలో ఊరి కబుర్లు రాసే పనిలో చేరిన రోజుల్లో పజుండౌంగ్ పేటంతా నా చేతిలో ఉందనుకునేవాణ్ని. పున్నమి పోటుకి కాలవ నీళ్లు ఏ సందులోకి వచ్చాయి, ఏ కుళాయి ఎండిపోయింది, ఏ బస్సు ఎక్కడ ఆగడం మానేసింది, ఇవే నా వార్తలు. మా సంపాదకుడు వాటిని నాలుగేసి వరుసలకు కోసేవాడు. నిజానికి వాటిలో సగం మా మేనత్త చెప్పినవే. మామ సేక్కాన్ రేవులో బస్తాలు మోసినవాడు. ఆయన పోయాక అత్త నాలుగో అంతస్తులో ఉంటూ, రోజూ దిగి, వీధంతా తిరిగి, మళ్లీ ఎక్కేది. పేపర్లో నా వార్త చూపిస్తే నవ్వేది.

"నీ పేపరొచ్చీసరికి మనిషి బూడిదైపోతాడు అల్లుడూ. నా తాడు ముందు నీ పేపరేటి?"

ఆ మాట ఊరికే అనలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్లకు ఈ పేటలో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటివారు గాని, బంధువులు గాని కబురు మోయకూడదు. పక్కింటివారు దిగి, వీధిలో ఒక్కొక్క తాడూ మెల్లగా, గంట మోగీ మోగనట్టు లాగాలి. పైనుంచి తొంగిచూసినవారికి మాట చెప్పరు, నెత్తిన అరచెయ్యి పెట్టి చూపిస్తారు. వెంటనే ఆ ఇల్లు తన తాడు పైకి లాగేసుకుంటుంది, ఇంటికొకరు దిగి వస్తారు. శవం వీధి దాటేదాకా ఒక్క తాడూ కిందికి వేలాడేది కాదు. కూరలవాళ్లు కూడా అది చూసి సందు మొదట్లోనే ఆగిపోయేవారు. ఆ మేడమెట్లు ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు, పైగా నిట్టనిలువు. అందుకని మెట్టుకొకరు నిలబడి, మనిషిని చేతుల మీద ఒకరికొకరు అందించుకుంటూ దించేవారు. ఎందరి కబురో మోసిన అత్తకు తన గురించి ఒకటే కోరిక.

"నన్ను మాత్రం బయటి మనుషులు దింపకూడదు. మన ఈది సేతులే దింపాల."

మొన్న వానాకాలంలో అత్త పోయింది. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. అత్త కొడుకు, మా బావ, తల్లి తలదగ్గర కూర్చుండిపోయాడు. పక్కవాటా ఎప్పుడో పరాయివాళ్లు కొనుక్కున్నారు, వాళ్లకు మన పద్ధతి తెలియదు. బంధువు మోయకూడని కబురు నేనే మోశాను. పట్టపగలు, వానలో, వీధి మొదలు నుంచి ఒక్కొక్క తాడూ మెల్లగా లాగుతూ వెళ్లాను. వయసు పిల్లల్ని సైన్యంలోకి పట్టుకుపోతున్న రోజులు కదా, తెరలు కదిలాయి గాని మనుషులు కనిపించలేదు. మాకు దూరపు చుట్టాలైనవారి ఇంటి ముందు మాత్రం ఒక అమ్మాయి బాల్కనీలోకి వచ్చింది. నేను నెత్తిన చెయ్యి పెట్టాను. ఆమెకు అర్థం కాలేదు.

"ఇంట్లో మగోళ్లెవరూ నేరు తాతా. ఎల్లిపోండి."

"అత్త పోయిందమ్మా. దింపడానికి మనిషి కావాలి."

"అయ్యో, ఆ మామ్మేటి?" అని ఆమె చూరు కిందికి చూసింది. అక్కడ అప్పుడే ఉతికిన మగవాడి లుంగీ నీళ్లోడుతోంది. "మా ఆయన బేంకాక్‌లో ఉన్నాడు తాతా," అంది.

అలాగేనమ్మా అన్నాను. ఆమెను ఏమనగలను? మా మనవణ్ని నేనూ వెంట తీసుకురాలేదు.

చివరికి ఉచితంగా శవాలు మోసే సంఘంవారిని బావే నడిచివెళ్లి పిలుచుకొచ్చాడు. బర్మా కుర్రవాళ్లు, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చారు. మంచివాళ్లు. మలుపుల దగ్గర తల తగలకుండా జాగ్రత్తగా దించారు, నన్ను, బావనూ పక్కకు తప్పుకోమన్నారు, ముసలివాళ్లు జారిపడతారని. అత్తను మన వీధి చెయ్యి ఒక్కటీ తాకలేదు.

బండి కదిలేటప్పుడు తల ఎత్తి చూశాను. నేను గంట మోగించిన ప్రతి ఇల్లూ తన తాడు పైకి లాగేసుకుంది, కింద ఎవరో తిరుగుతున్నారని భయపడి. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తాడూ లేదు. మన పద్ధతి ఎరిగిన ముసలివాడెవడైనా ఆ సమయంలో అటు వచ్చి ఉంటే, ఎంత పెద్ద మనిషి పోయిందో, పేటంతా దిగి వచ్చింది కాబోలు అనుకుని, తలపాగా తీసి పక్కకు నిలబడేవాడు.

నీళ్లవాడు వెళ్లాక కోడలు మా తాడు కూడా పైకి లాగి కమ్మీకి చుట్టేసింది. ఇక అక్కడే ఉండనీ మామయ్యా అంది. సరేనన్నాను. ఒకప్పుడు ఆ తాడు పైకి వెళ్లిందంటే ఇంటి నుంచి ఒక మనిషి కిందికి వస్తున్నాడని అర్థం.