దేవరాజులు చేయని పని

తొండియార్‌పేటలో ఆటోమేటిక్ కారు గేరుబాక్సు మొరాయించిందంటే జనం వెతుక్కుంటూ వచ్చేది దేవరాజులు షెడ్డుకే. నిజానికి ఆ షెడ్డు ఇద్దరిది. బండి కింద దూరేది దేవరాజులు. బండివాళ్ళతో మాట్లాడి బిల్లు రాసేది మాదయ్య. ఇరవై రెండేళ్ళుగా ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టలేదు. అదేదో గొప్ప నమ్మకమనుకున్నాడు దేవరాజులు. పిచ్చిమారాజు!

యాభై తొమ్మిదేళ్ళ ఆ మనిషి పద్ధతే వేరు. కంప్యూటరు తగిలించి అది చూపిన అంకెను కళ్ళకద్దుకునే రకం కాదు. తెల్లగుడ్డ మీద రెండు చుక్కలు గేరునూనె వేసి, రంగు చూసి, వాసన చూస్తాడు. ఎర్రగా ఉంటే లోపలంతా క్షేమం. నల్లబడి మాడువాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. పనయ్యాక బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని తిరువొత్తియూరు దాకా నడుపుతాడు. "కండ్లు మూసుకోండి. గేరు మారినప్పుడల్లా చెప్పండి" అంటాడు. వాళ్ళు చెప్పలేక నవ్వేస్తేనే తాళం చేతికిస్తాడు.

మొన్న బుధవారం పొద్దున మాధవరం నుంచి ప్రీతి అనే లెక్కల టీచరు వచ్చింది. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజను అరుస్తోందట గానీ బండి వేగం అందుకోదట. ఆ తర్వాత ఒక్క కుదుపు.

"ఎనిమిది నెలల క్రితం మీ షెడ్డులోనే కదండీ ప్లేట్లు మార్చారు?" అంటూ పాత బిల్లు చూపించింది. కొత్త క్లచ్ ప్లేట్లు వేసినట్టు మాదయ్య చేతిరాత. అడుగున, పని చేసినది దేవరాజులు అని కూడా రాసి ఉంది.

దేవరాజులుకి ఆ బండే గుర్తు లేదు. చేసిన పని మరిచిపోయే మనిషి కాదు. నూనె చూస్తే బొగ్గు రంగులో ఉంది. బండిని పైకి లేపి టార్చి వేశాడు. గేరుబాక్సు బోల్టుల మీద ఫ్యాక్టరీలో గీసిన పసుపు గీతలు చెక్కుచెదరలేదు. పానా పడితే ఆ గీత తెగిపోవాలి. అంటే ఆ గేరుబాక్సును ఇంతవరకూ ఎవరూ దించనే లేదు. దించకుండా ప్లేట్లెలా మారుస్తారు? కొత్త నూనె పోసి పంపేశారు. దాంతో కొన్నాళ్ళు జబ్బు బయటపడదు.

బిల్లు మీది తేదీ మళ్ళీ చూశాడు. ఆ వారమంతా అతను కంటి ఆపరేషను చేయించుకుని ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

"మాదయ్యా, ఇట్రా. ఈ బండి పని ఎవురు చేసినారు?"

మాదయ్య బిల్లు చూశాడు, ప్రీతిని చూశాడు. కాస్తయినా తడబడలేదు. "తప్పు నాదే మేడం" అన్నాడు గొంతు తగ్గించి. "అన్నకు కంటి ఆపరేషనయింది. సరిగ్గా కనపడకపోయినా పని చేస్తానని ఒకటే పట్టు. ప్లేట్లు వేసేసినా అన్నాడు. పెద్దాయన గదా, నమ్మేసినా."

దేవరాజులు వెన్నుపోటు గురించి విన్నాడు గానీ, ఇంత ప్రేమగా పొడుస్తారని తెలియదు.

ప్రీతి వైపు తిరిగాడు. "అమ్మా, ఆ వారం నేను ఈడ లేనే లేను. బండి వదిలిపెట్టండి. మీ కండ్ల ముందరే దించి బాగు చేస్తా."

ప్రీతి అతని కళ్ళజోడు వైపు జాలిగా చూసింది. తిట్టినా బాగుండేది. "పర్వాలేదండీ, మీరు విశ్రాంతి తీసుకోండి" అని ఎవరికో ఫోను చేసింది. అరగంటలో లారీ వచ్చి బండిని ఎక్కించుకుపోయింది.

"ఏందన్నా అట్ట చూస్తావు?" అన్నాడు మాదయ్య. "నువ్వు మంచంలో ఉంటే షెడ్డు మూసేసేదా? నీ పేరు రాయకపోతే ఎవురు బండి ఇస్తారు? ఆమె పోతే ఇంకొకరు వస్తారు. మనం మనం ఒకటి."

దేవరాజులుకి ఆ మంచం రోజులు గుర్తొచ్చాయి. ఆ వారం కంటికి కట్టుతో పడుకుని ఉంటే, మాదయ్య రోజూ సాయంత్రం వేడివేడి ఇడ్లీలు పట్టుకొచ్చేవాడు. "తొందరపడొద్దన్నా, బాగా నయమైనాకే రా" అని మరీమరీ చెప్పేవాడు. సొంత తమ్ముడైనా ఇంత చూడడని దేవరాజులు వీధంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మాటలు తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

"రోజూ ఇడ్లీలు తెస్తివే మాదయ్యా" అని అడిగాడు. "నేనెట్ట ఉండానో చూసేదానికి వస్తివా, ఎప్పుడు లేస్తానో చూసేదానికి వస్తివా?"

మాదయ్య రోడ్డు వైపు తిరిగి, వచ్చే బండి ఏదైనా ఉందేమోనని చూస్తూ నిలబడ్డాడు.