మూడో తీర్మానం

శ్రామికుల పార్టీ జాతీయ కార్యాలయం తలుపులు తీసేదీ మూసేదీ అక్కే. పెద్దాచిన్నా అందరికీ ఆమె అక్కే. ఇరవై రెండేళ్లుగా రోజూ కొంగు నడుముకు దోపి, గదులన్నీ ఊడ్చి, గోడ మీది తొలి మహాసభ తీర్మానాల పటాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది. స్థాపకుల సంతకాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ పటం చూపించే, టైపిస్టమ్మను రోజుకో అక్షరం అడిగి చదవడం నేర్చుకుంది.

మొన్న కార్యదర్శి పనివాళ్ల హక్కుల మీద ఉపన్యాసం రాసుకుంటుంటే, టీ కప్పు పక్కన పెట్టి అడిగింది. "సార్, వారానికి ఒక్కరోజు సెలవిప్పించండి. మోకాళ్లు పట్టేస్తున్నాయి."

ఆయన తలెత్తకుండానే నవ్వాడు. "పార్టీ అంటే కుటుంబం అక్కా! ఇంట్లోవాళ్లు ఎక్కడైనా సెలవడుగుతారా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కుటుంబమట! ఇన్నేళ్లలో ఈ కుటుంబం ఆమెను ఒక్కసారి కూర్చోమన్న పాపాన పోలేదు. పటం దించి తెచ్చి, ఆయన రాస్తున్న కాగితాల మీదే పెట్టింది. మూడో తీర్మానం కింద వేలు జరుపుతూ, కూడబలుక్కుని పైకి చదివింది. "పనిచేసే ప్రతి మనిషికీ వారానికొక రోజు సెలవు."

ఆయన పటాన్ని పక్కకు జరపబోయాడు.

"రేపట్నుంచి దీన్ని మీరే తుడుచుకోండి సార్. చదవడం రానన్నాళ్లూ నాకు తుడవడం తేలిగ్గానే ఉండేది."