రెండు చెంచాలు తక్కువ

పోయిన నెల ఇల్లు మారుతూ, ప్రతి పెట్టె మీదా అందులోని సామాను జాబితా అంటిస్తున్నాను. వంటగది పెట్టె దగ్గర మా ఆవిడ ఆగి, "స్పూన్లు కూడా కౌంట్ చేస్తున్నారా? ఇదేమన్నా ఎంబసీయా?" అంది. ఆ మాట ఊరికే అనలేదు. ఎప్పుడో నేను చెప్పిన కథే అది. పన్నెండు ఉండాలి, పదకొండే ఉన్నాయి. పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

డెబ్భైల చివర అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కారు విడిభాగాల కంపెనీలో డ్రాయింగులు సరిచూసే ఉద్యోగం నాది. ఆ డ్రాయింగులు భద్రపరిచే గదిలో గుమాస్తాగా ఒక కంబోడియా పెద్దమనిషి ఉండేవారు. యాభై దాటిన వయసు, రోజూ టై, ఎవరొచ్చినా లేచి నిలబడే అలవాటు. పూర్వాశ్రమంలో ఆయన దౌత్యాధికారి. మా అపార్ట్‌మెంట్లలోనే ఉంటూ నా కార్‌లో ఆఫీస్‌కి వచ్చేవారు. "ఏరా, మీ అంబాసిడర్ గారిని పికప్ చేశావా?" అని మా రూమ్మేట్ ఆటపట్టించేవాడు. "అంబాసిడర్ కాదురా, సెకండ్ సెక్రటరీ" అని నేను ప్రతిసారీ సరిదిద్దేవాణ్ణి.

తన ఉద్యోగ జీవితాన్ని ఆయన ఫైలు చదివినట్టు చెప్పేవారు. జకార్తా మూడేళ్ళు, పారిస్ ఐదేళ్ళు, చివరికి వాషింగ్టన్. జకార్తాలో ఒక విందులో, మాటల్లేని ఇద్దరు రాయబారులకు ఎదురెదురు కుర్చీలు తప్పలేదట. ఒకరి మొహం ఒకరికి కనబడనంత పెద్ద పూలకుండీ మధ్యలో పెట్టించారట. "ఇన్నేళ్ళ సర్వీసులో నేను కుదిర్చిన శాంతి ఒప్పందం అదొక్కటే" అన్నారు, నవ్వకుండా.

డెబ్భై అయిదులో వాళ్ళ ప్రభుత్వం కూలింది. ఎంబసీ మూసేయాలి. కొత్త పాలకులు అందరినీ దేశానికి తిరిగి రమ్మన్నారు. తల్లిని చూడాలని ఆయన భార్య, ఎనిమిదేళ్ళ కూతురితో ముందు బయల్దేరింది. సామాను లెక్క అప్పజెప్పి వారంలో ఈయన వెళ్ళాలి. కుర్చీలు సరిపోయాయి, తివాచీలు సరిపోయాయి. వెండి చెంచాలు నూట నలభై నాలుగు ఉండాల్సింది, నూట నలభై రెండే వచ్చాయి. లెక్క తేలకుండా సంతకం ఎలా పెట్టడం? నాలుగు వారాలు వెతికారు. ఈలోగా వెళ్ళినవాళ్ళ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. తిరిగొచ్చినవాళ్ళని చంపేస్తున్నారు, వెళ్ళొద్దని పారిస్ నుంచి మిత్రుడొకడు రాశాడు. ఈయన ఆగిపోయారు.

"చెంచాలు దొరికాయా?" అని అడిగాను.

"లేదు. రెండు తక్కువ అని రాసి సంతకం పెట్టాను. ఆ ముక్క మొదటి రోజే రాసి ఉండొచ్చు."

థాయ్‌లాండ్ సరిహద్దు శిబిరాలకు తప్పించుకుని చేరినవారి పేర్ల జాబితాలు ఆయనకు పోస్టులో వచ్చేవి. ఆదివారాలు ఇద్దరం కూర్చుని చదివేవాళ్ళం. నేను స్కేలు పెట్టి, ఆయన వేలు పెట్టి. భార్యాకూతుళ్ళ పేర్లు లేవని తేలాక కాగితాలకు క్లిప్పు పెట్టి, తేదీ వేసి, టీ కాచేవారు. మూడేళ్ళు అలాగే గడిచాయి. ఆయన మొహంలో ఏమీ కనబడేది కాదు. కొన్నాళ్ళకు నాకూ ఏమీ అనిపించేది కాదు.

ఒక ఆదివారం నా స్కేలు కింద కూతురి పేరు వచ్చింది. దాని పైనా కిందా తల్లి పేరు లేదు. ఆయన మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివారు.

పదిహేనేళ్ళ ఆ పిల్ల వచ్చిన రోజు డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. ఆయన నిటారుగా నిలబడి, ఏదో దేశపు ప్రతినిధికి చాచినట్టు చెయ్యి చాచారు. ఆ పిల్ల ఆ చేతిని కాసేపు చూసి, సంచీలోంచి ఒక చెంచా తీసి అందులో పెట్టింది. వాళ్ళ భాషలో నాలుగు మాటలు చెప్పింది. కారెక్కాక ఆయన నాకు చెప్పారు: "దారిలో పిల్లకి తినిపించడానికని వాళ్ళమ్మ రెండు పట్టుకెళ్ళిందట. అక్కడ అందరినీ పొలాల్లో వెట్టికి తోలి, మనిషికి మిగలనిచ్చింది చెంచా ఒక్కటేనట. ఎంబసీ ముద్ర ఎవరైనా చూస్తే ప్రమాదమని రాతికేసి అరగదీసిందట. రెండోది ఆమెతోనే పాతిపెట్టారు."

హైవే మీద అరగంట నడిపాను. మా ఎగ్జిట్ దగ్గర ఆయన, "నూట నలభై మూడు" అన్నారు. నేను సిగ్నల్ వేసి కారు తిప్పాను.

మొన్న ఆ వంటగది పెట్టె మీద పదకొండు అని రాసి టేపు వేసేశాను. ఆమె పట్టుకెళ్ళిన ఆ రెండు చెంచాలే ఆయన్ని నాలుగు వారాలు ఆపి, ప్రాణాలతో మిగిల్చాయి. ఆ నాలుగు వారాలు ఎంత పొడుగో, ఇన్నేళ్ళుగా కొలుస్తున్నా నాకు తేలలేదు.