వరుస అడగని ప్రోగ్రాం

మా బావమరిది చెరుకు పూతకొచ్చింది. బాహూరు చెరువు కింద అందరికంటే ముందు నాటిన తోట అతనిది. పూత వచ్చాక రసం తగ్గుతుంది, గడ బెండు కడుతుంది. అయినా మిల్లు నుంచి కటింగ్ ఆర్డర్ రాలేదు. ఆ కాగితం లేకుండా కోసిన చెరుకును గేటు దాటనివ్వరు. అతని తరువాత రిజిస్టర్ చేసుకున్న పక్క తోట రైతుకు మాత్రం ఆర్డర్ వచ్చేసింది.

"ఆఫీసులో ఎవురికో చెయ్యి తడిపినాడు బావా. వాడి మొహం మీదే అడిగేసినా" అన్నాడు మా బావమరిది, మా ఇంటికి వచ్చి.

"రుజువేంది?"

"వాడికి ముందొచ్చిందే, అది చాలదా?"

నేను ఆ మిల్లు కంప్యూటర్ విభాగంలోనే పనిచేసి రిటైరయ్యాను. కోత వరుస తేల్చే ప్రోగ్రాం మా కాలానిది, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసింది. రైతుల ఫైలును రిజిస్ట్రేషన్ నంబరు వరుసలో ఒక్కొక్క రికార్డే చదువుతూ పోయేది. ముందు చేరినవాడు ముందు. అందులో తెలివేమీ లేదు. తెలివి అక్కర్లేని పని అది.

మరునాడు ఇద్దరం మిల్లుకు వెళ్లాం. ఈ తమిళ ఊళ్లో ఇప్పటి మేనేజరు కూడా మా తెలుగువాడే.

"మీ పాత ఫైల్ యాక్సెస్ పద్ధతంతా తీసేసినాం సార్. ఇప్పుడంతా ఎస్‌క్యూఎల్" అన్నాడు, ఇంట్లో పాత మంచం పారేసి సోఫా కొన్నవాడిలా.

కావలసిందేదో చెబితే కంప్యూటరే వెతికి ఇచ్చే ఆ ఎస్‌క్యూఎల్ మీద నాకు పగ లేదు. నాలుగు ఫైళ్లు కలిపి ఏ ఊళ్లో ఏ రకం చెరుకు ఎంతుందో అడగాలంటే దానికి సాటి లేదు. ఒక్క రైతు రికార్డు తెచ్చి దిద్దాలంటే పాత పద్ధతే సూటి. పనిని చూసి ఎంచుకోవాలి. ఈయన ఫ్యాషన్ చూసి ఎంచుకున్నాడు.

ప్రోగ్రాం చూపించమన్నాను. ఆర్డర్ అందని రైతులందరినీ ఇమ్మని అడుగుతోంది. ఏ వరుసలో ఇవ్వాలో మాత్రం ఎక్కడా అడగలేదు.

"వరుస యాడుందప్పా?"

"టెస్టింగ్‌లో నంబరు వరుసలోనే వచ్చింది సార్."

"ఆ తరువాత ఏం చేర్చినారు?"

చెరుకు రకాన్ని బట్టి రిపోర్టు కావాలని రకాల వారీ సూచిక, అంటే కొత్త ఇండెక్స్ ఒకటి చేర్చారట. అప్పటినుంచి కంప్యూటర్ ఆ దారినే రికార్డులు తెచ్చి ఇస్తోంది. పక్క తోటవాడి రకం పైన, మావాడి రకం అడుగున. వరుస అడగకపోతే ఎస్‌క్యూఎల్ వరుసకు హామీ ఇవ్వదు. మొదటి వారంలో నేర్పే పాఠమిది. ఫైలు చదివే అలవాటును ఒంట్లోనే ఉంచుకుని చొక్కా మాత్రం మార్చుకున్నవాళ్లు చేసే తప్పు.

మేనేజరు తల గోక్కున్నాడు. "అయితే ఈ ఎస్‌క్యూఎల్‌ను నమ్మేదానికి లేదు సార్. అన్నీ మళ్లీ ఫైల్ పద్ధతికే మార్చేస్తాం."

పాఠం నేర్చుకోవడం అంటే ఆయనకు ఇంతే.

"వరుస అడిగే లైను ఒక్కటి చేర్చప్పా, చాలు."

"కమిటీ ఒప్పుకోవాల సార్."

"కమిటీ వచ్చి నా చెరుకు కోస్తాదా?" అని అరిచాడు మా బావమరిది.

పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. కమిటీ సంగతి మరిచిపోయి మేనేజరు ఆ లైను చేర్చాడు. మా వాడి పేరు పైకి వచ్చింది, ఆర్డర్ చేతికొచ్చింది.

బస్సులో మా వాడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంటే వాడు చెయ్యి తడపలేదా?"

"లేదు."

"కోత మనుషులంతా వాడి తోటలోనే ఉండారు బావా. ఏం మొహం పెట్టుకుని అడిగేది?"

అయినా ఆ సాయంత్రమే వెళ్లి అడిగాడు. "మీ బావ కంప్యూటర్ చూసి చెప్పేదాకా నేను దొంగనా?" అన్నాడట ఆ రైతు. తన కోత పూర్తిగా ముగించుకున్నాకే మనుషులను పంపాడు. ఆయన్ను తప్పు పట్టలేను. అప్పటికి మా వాడి గడలు చాలావరకు బెండు కట్టేశాయి. మిల్లులో ఎవరూ దాని గురించి అడగలేదు. మేనేజరు మాత్రం 'ఇప్పుడంతా ఫైల్ పద్ధతే' అని మిల్లు గేటుకు బ్యానరు రాయించే పనిలో ఉన్నాడని విన్నాను.