మేక మూతి తిప్పుకున్న పందిరి

2018 ఎండాకాలం. పాలమూరులో మా టెంట్ హౌస్ ఉన్న వీధిలో ఇంకెవరికీ రాని తెలివి నాకొచ్చింది. ఫంక్షన్ హాళ్లలో వేయడానికి ప్లాస్టిక్ పెళ్లిపందిరి కొన్నాను. ప్లాస్టిక్ మామిడాకులు, ప్లాస్టిక్ అరటిగెలలు, ఎన్నటికీ వాడని బంతిపూలు! హైదరాబాద్ సేటుతో మిట్టమధ్యాహ్నం నిలబడి బేరమాడి, ధర సగానికి దించాను. సగానికే వచ్చిందన్న సంబరంలో రెండు సెట్లు తెచ్చాను. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి, మునిగినా టోకు ధరకే మునుగుతాను.

మొదటి గిరాకీ స్వరూప, దవాఖానలో నర్సు. పెళ్లికొడుక్కీ తనకీ కలిపి దొరికిన సెలవు తక్కువ కాబట్టి పసుపూ పెళ్లీ ఒకే రోజు ఫంక్షన్ హాల్లోనే పెట్టుకున్నారు. వెంట వాళ్ల అమ్మమ్మ బాలమ్మ. తల్లి పోయాక పిల్లను సాకింది ఆమే. అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

నేను ఉత్సాహంగా ప్లాస్టిక్ కొమ్మ చేతికిచ్చాను. బాలమ్మ వాసన చూసింది. రోడ్డు దాటి, అక్కడ కట్టేసి ఉన్న మేక ముందు పెట్టింది. మేక మూతి తిప్పుకుంది.

"మేక తినంది ఆకెట్లయితది బిడ్డా?"

"అవ్వా, మేకను పెండ్లికి పిలుస్తలేం గదా!"

"నిన్ను పిలుస్తున్నం. నువ్వు తింటవా?"

మా వర్కర్లు పడీ పడీ నవ్వారు. కానీ ముసలామె నవ్వలేదు. వాళ్ల పద్ధతిలో పందిరికి మేనమామ పచ్చి నేరేడు కొమ్మలు తేవాలి. గుంజ ఇంటి వాకిట్లో పాతి, గుంతలో నవధాన్యాలు వేయాలి. "గుంజ మా వాకిట్ల మన్ను ముట్టకుంటే నేను పసుపు ముట్ట," అని తేల్చేసింది.

స్వరూప నన్ను పక్కకు పిలిచింది. "అవ్వ పసుపు పెట్టకుంటే నేను పీట మీద కూసోను, అన్నా. హాల్ల టైల్స్ పగలగొట్టనియ్యరు. ఏదన్న చెయ్యి."

టైల్స్ మీద పందిరి నిలబెట్టాలంటే మేం 'బేస్ డబ్బా' వాడతాం. పెయింట్ డబ్బాలో సిమెంటు పోసి మధ్యలో పైపు దిగేస్తాం. స్వరూప దాన్ని కాసేపు చూసి, "సిమెంటుకు బదులు గిండ్ల మా వాకిట్ల మన్ను పొయ్యరాదా?" అంది. మన్నులో గుంజ ఊగుతుంది. పైనా కిందా అడ్డపైపులు బిగిస్తే ఊగదు. అది నోటితో చెబుతూ చెబుతూనే పైపులు కొలవడం మొదలుపెట్టాను, అంత సంతోషం!

పెళ్లిరోజు పొద్దున మేనమామ దావీదు ట్రాలీ ఆటోలో దిగాడు. బాలమ్మ కొడుకే. పెళ్లయినప్పటి నుంచి చర్చికి పోతాడు. ఆటో నిండా నేరేడు కొమ్మలు, సంచుల్లో వాకిలి మన్ను, వెనకాల డప్పులు.

"ప్రార్థన చేసుకునెటోనివి, తెస్తవో తేవోననుకున్న," అంది బాలమ్మ.

"కొమ్మలు తెచ్చుడు మామ పని, తెచ్చిన. కొబ్బరికాయ నువ్వు కొట్టుకో. గప్పుడు నేను జర దూరం నిలవడుత."

"దూరమెందుకురా, గుంజ పట్టుకో. నేను కొడ్త."

ఇంతలో హాల్ మేనేజర్ గేటుకు అడ్డం నిలబడ్డాడు. "మన్ను లోపలికి రాదు."

టార్పాలిన్ పరుస్తానన్నాను, కాదన్నాడు. కడిగిస్తానన్నాను, కాదన్నాడు. లోపల పిల్ల పీట పక్కనే నిలబడి ఉంది, గేటు బయట బాలమ్మ పసుపుగిన్నె కొంగుకింద పెట్టుకుని కదలడం లేదు. అప్పుడు తట్టింది.

"మీ గేటుకు ఎప్పటికీ వాడని తోరణం పెడితే? ముఫత్, పైసా వద్దు."

మేనేజర్ కళ్లు మెరిశాయి. "స్టేజీకి?"

వాడు నా సాటివాడే! రెండో సెట్టూ పోయింది.

నాలుగు డబ్బాలు నిలిచాయి, దావీదు గుంజ పట్టుకున్నాడు, బాలమ్మ నవధాన్యాలు వేసింది. ఏసీ హాల్లో నేరేడాకు వాసన! డప్పు మోగింది. మొదటి పసుపు పిల్ల చెంపకు తగలగానే మా వర్కర్లు ఈలలు వేశారు. వాళ్లకంటే ముందు వేసింది నేనే.

బిల్లు దగ్గర బాలమ్మ ఎదురుగా కూర్చుంది. "కొమ్మలు మావి, మన్ను మాది. నీది డబ్బా. డబ్బాకు పందిరి కిరాయెట్ల?"

ఇన్నేళ్ల వ్యాపారంలో నేను ఓడిన బేరం అదొక్కటే. జనం ఆచారం వదులుకోవడానికి నా దగ్గరికి వస్తారనుకున్నాను. వాళ్లొచ్చింది దానికి ఒక జాగా చూపించమని అడగడానికి. ఆ తర్వాత మన్ను డబ్బాలు కావాలని చాలామంది వచ్చారు, అది వేరే లెక్క. ఆనాటి లెక్క మాత్రం ఇది: డబ్బాలకూ పైపులకూ కిరాయి ముట్టింది. ప్లాస్టిక్ పందిళ్లు రెండూ పోయాయి. మురుగు మోరీలో పొయ్యొద్దని బాలమ్మ ఒట్టు పెట్టించుకున్నందుకు, ఆ మన్ను మళ్లీ వాళ్ల వాకిట్లో పోసి వచ్చాను. డీజిల్ నాది.