ఉన్నితాళ్ల ఓడ

మొన్న మిర్యాలగూడలో మా వియ్యపురాలి ఇంటికి వెళితే అద్దాల బీరువాలో ప్లాస్టిక్ తెరచాప ఓడ కనిపించింది. తాళ్లన్నీ అచ్చులో పోసి అతికించినవే, ఒక్కటీ దేన్నీ పట్టి నిలబెట్టడం లేదు. ఆ మాట ఆవిడతో అననే అన్నాను. ఓడల సంగతి మీకేం తెలుసని మొహం మాడ్చుకుంది. తెలుసు. ఎట్లా తెలుసో మీకు చెబుతాను, నా ఈడువాళ్లకు ఆ రోజులు విడమరచి చెప్పనక్కరలేదు.

అప్పుడు మేము సూర్యాపేటలో ఉండేవాళ్లం, నాకు పదేళ్లు. అమ్మ తమ్ముడు, మా మామ, గొర్రెలమంద వదిలి బందరు పోయి, ఎనిమిదేళ్లు తెరచాప ఓడల మీద పనిచేసి, క్షయ పట్టి తిరిగొచ్చాడు. దవాఖానలో ఇక చేసేదేమీ లేదన్నారు. అయినా అమ్మమ్మ నోరు ఊరుకునేది కాదు (ఆ నోరే నాకు వచ్చిందంటారు, రాకేం), పొద్దున లేస్తే "గొర్లను ఇడ్సిపెట్టి నీళ్ల మీద ఏం మేపినవ్‌రా" అని ఒకటే ఎత్తిపొడుపు. ఓడంటే ఆమె లెక్కలో ఏరు దాటించే పెద్ద పుట్టి, అంతే. అందుకని మామ ఒక చిన్న ఓడ చేసి, తాళ్లన్నీ బిగించి, నేను చేసిన పని ఇదమ్మా అని తాను కన్నుమూసేలోగా ఆమెకు చూపించాలనుకున్నాడు.

బొమ్మలు చేసే మెత్తని పునికికర్రతో ఓడ చెక్కాడు, పాత ధోవతి తెరచాపలయింది. ఇక స్తంభాలను పట్టి నిలిపే తాళ్లు, చాపలను ఎత్తి దించే తాళ్లు మిగిలాయి. చెక్కేసరికే ఆయన సత్తువ అయిపోయింది కనుక ముడులు నావి, మాటలు ఆయనవి. గొంగడి నేసే నల్ల ఉన్నిదారం తెచ్చిస్తే తారు పూసిన మోకుల్లాగే ఉందని మురిసిపోయాడు. కానీ ఉన్ని సాగి స్తంభం ఒరిగింది. తేనెమైనం రుద్దుదామన్నాడు. నేను వింటేనా, మన గొంగళ్లు చింతగింజల గంజితోనే కదా బిర్రుగా నిలిచేది, మైనమెందుకని గంటసేపు వాదించాను. "నీతోని వాదం పెట్టుకుంటే సముద్రమే ఎన్కకు పోతది కోడలా, గంజే పెట్టు" అన్నాడు, నవ్వబోయి దగ్గాడు. గంజి ఆరాక తాళ్లు మీటితే మోగాయి. నాకెంత గర్వమో.

చాపల తాళ్లు నాలుగు మిగిలి ఉండగా ఊళ్ల మీద పడి దోచి కాల్చేవాళ్ల భయం ముదిరి, ఇళ్లకు తాళాలు వేసి బండ్లు కట్టుకుని కోదాడ అవతల, సరిహద్దు దాటి, చుట్టాల ఇంటికి పోయాం. ఓడను ఒళ్లో పెట్టుకుంటానన్నాడు మామ. బండిలో నలుగుతుందని వాదించి అటకెక్కించింది నేనే. నెలల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఎలుకలు గంజి రుచికి ఒక్క తాడు మిగల్చకుండా కొరికేశాయి, స్తంభాలు పక్కకు పడి ఉన్నాయి. గొంగడిని రోజూ కప్పుకుని దులుపుతాం కనుక ఎలుకకు సందు దొరకదు, అటక మీది వస్తువుకు ఆ గంజి పనికిరాదన్న ఇంగితం నాకు లేకపోయింది.

మామ పడిన స్తంభాలను ఒక్కొక్కటే ఏరి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది. మైనం తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను, కానీ ఏ తాడు ఎక్కడికో చెప్పడానికి ఆయనకు ఊపిరి చాలక వేలితో చూపేవాడు, రెండు రోజులకు ఆ వేలూ లేవలేదు. ఆయన పోయాక అమ్మమ్మ ఆ మొండి చెక్కను చేతిలోకి తీసుకుని, "గిదేనా బిడ్డా వాడు చేసింది" అని మెల్లగా అడిగింది. ఎత్తిపొడుపు కాదది. అంత నోరున్న నాకు జవాబు రాలేదు.

ఇప్పుడు బందరులో తెరచాప ఓడలు లేవట, అన్నీ మోటారు పడవలేనట. గంజి అక్కరలేని నైలాను దారం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. కాలేజీ చదువు చదివి, ఓడల పుస్తకాలు తిరగేశాను. వాటిలో మామ చెప్పిన తాళ్ల పేర్లు ఒక్కటీ లేవు, నాకూ సగం మరుపే. కొడుకు ఎనిమిదేళ్లు నీళ్ల మీద ఊరికే తిరిగాడనుకుంటూనే అమ్మమ్మ పోయింది. కాదని ఇప్పుడు ఎంతైనా వాదించగలను, వినవలసిన మనిషే లేదు.