మిషన్ మేస్త్రీకి బిషప్ పట్టం

పెళ్లి కోసం బిషప్‌ను వెతికినవాళ్లుంటారు. బిషప్‌ను తయారుచేసిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ప్రళయం ఎలా వచ్చిందో చెబుతాను, నవ్వకుండా వినండి.

అప్పటికి నాకు కాబోయే మామ దేవదానం గారిది పంజాగుట్ట. తాతల నాటి మెథడిస్టు క్రైస్తవుడు. "బిషప్ అయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టి దీవించాలె. లేకుంటే పిల్లనియ్య" అన్నాడు. మా బిషప్ గారికేమో మూడు నెలలదాకా తీరిక లేదు. ఈలోగా ఆయన కూతురు గ్రేసుకు ఇంకో సంబంధం చూస్తున్నారని కబురు. నాకు అన్నం సహించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే సనత్‌నగర్‌లో మా ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి ఇంగ్లాండు నుంచి హెరాల్డ్ వచ్చాడు. క్యాంటీన్‌లో మాటల మధ్య తనూ మెథడిస్టేనన్నాడు.

"మీ బిషప్ ఎవరు?" అన్నాను ఆత్రంగా.

"మాకు బిషప్‌లు ఉండరు."

"మరి మీ పైన?"

"దేవుడే."

చూశారా! మన దగ్గర పాస్టరు పైన సూపరింటెండెంటు, ఆయన పైన బిషప్. పైన దేవుడు తప్ప ఎవరూ లేని మెథడిస్టు బిషప్ కాక ఇంకెవరు? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లుంటారు. నేను ఆవలించకముందే లెక్కపెట్టేశాను. ఇంగ్లాండు మెథడిస్టుల్లో అసలు ఆ పదవే లేదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. హెరాల్డ్‌ను మామగారింటికి భోజనానికని పిలిచి, అమీర్‌పేటలో ఫ్లెక్సీ కొట్టించి ఆ గల్లీ మొదట్లో కట్టాను: 'ఇంగ్లాండు బిషప్ గారికి స్వాగతం.' అందులో నా ఫోటోనే పెద్దది లెండి.

ఆదివారం మామగారి గల్లీ నిండా జనం. దండ, శాలువా, డప్పులు. నేనూ గ్రేసూ మోకరించాం. హెరాల్డ్ బిక్కమొహం వేసుకుని నా వైపు వంగాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"బిషప్ కదండీ, దీవించండి!"

"నేను మిషన్లు బాగుచేసేవాణ్ణి! మాకు బిషప్‌లే లేరని చెప్పానుగా!"

ఇంగ్లీషు వచ్చిన గ్రేసు కిసుక్కున నవ్వింది. ఇంగ్లీషు కొంచెమే వచ్చిన మామగారి మొహం మాడిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన పళ్లు బిగించి నా చెవిలో అన్నాడు: "బస్తీ మొత్తం ఫ్లెక్సీ చూసింది. గిప్పుడు మేస్త్రీ అంటే నా ఇజ్జత్ ఏం గావాలె? నీ సంగతి మల్ల జూస్త. ముందుగాల ఆయన్ను చెయ్యి పెట్టమను!"

హెరాల్డ్ చెమటలు కక్కుతూ మా నెత్తిన చేతులు పెట్టాడు. పాపం, ఆయనకు కంఠతా వచ్చిన ప్రార్థన ఒక్కటే. కళ్లు మూసుకుని ఇంగ్లీషులో గంభీరంగా అందుకున్నాడు: "ప్రభువా, మా ముందు పెట్టిన ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం."

గల్లీ అంతా "ఆమెన్!" అంది. అందరికంటే గట్టిగా అరిచింది మామగారే.

గ్రేసు ఇప్పటికీ అన్నం వడ్డించి, నా నెత్తిన చెయ్యి పెట్టి అదే ప్రార్థన చేస్తుంది. నేను మాత్రం మీ అందరి సాక్షిగా మాటిస్తున్నాను: ఇకమీదట ఏ దేశపు మెథడిస్టు ఎదురైనా సరే, మెడలో దండ వేసేముందు ఆయన చేసే పనేమిటో అడుగుతాను.